ర గుడిస్తే రి

"శ్రీకాకుళంలో హిందీ టైపు ఎవడికి కావాలి?" అని నవ్వినవాళ్ళ పిల్లలకే చివరికి ఆదాము మాస్టారు హిందీ టైపు నేర్పారు. ఇంగ్లీషు టైపు ఇన్‌స్టిట్యూట్లు వీధికొకటి ఉన్న రోజుల్లో, అరసవల్లి రోడ్డు మీద ఒక పెంకుటింటి వరండాలో మూడు హిందీ మిషన్లు వేసుకుని కూర్చున్న మనిషి ఆయన ఒక్కరే. రైల్వేలో, బ్యాంకుల్లో, విశాఖపట్నం ఆఫీసుల్లో హిందీ టైపిస్టులుగా కుదురుకున్న మా వైపు వాళ్ళలో చాలామంది ఆ వరండా మెట్లు దిగి వెళ్ళినవాళ్ళే. వెళ్ళలేకపోయినదాన్ని నేను. రెండుసార్లు పరీక్ష రాశాను, రెండుసార్లూ స్పీడు చాలలేదు. నా పేరు హేమ. ఏడు రోడ్ల జంక్షన్ పక్క సందులో జిరాక్సు, డీటీపీ షాపు నాది.

మాస్టారి నాన్న బాప్టిస్టు మిషన్ స్కూల్లో గంట కొట్టేవారు. ఆ స్కూలు హిందీ పండితుడు సాయంత్రాలు ఎవరొచ్చినా ఉత్తినే పాఠం చెప్పేవారట. "ఉత్తినే దొరికిన సదువు అదొక్కటేనే అమ్మా, అందుకే అది సదివాను" అనేవారు మాస్టారు. పెద్ద ఆశయాలూ, దేశభక్తీ ఏమీ లేవు. తరవాత విశాఖపట్నం వెళ్ళి టైపు నేర్చుకుని, ఏదో ఆఫీసు వేలంలో పాత మిషన్లు కొనుక్కొచ్చారు. ఆదివారం చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా ఆయన వేళ్ళు మోకాళ్ళ మీద టైపు చేస్తూ ఉండేవని వాళ్ళావిడ సీతమ్మగారు నవ్వేవారు. ఆవిడ పోయాక ఆ మాట చెప్పి నవ్వేవాళ్ళు లేరు.

గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. ఒక్క తన చేతి విషయంలోనే ఆయనకి పొగరు. వరండా గోడ మీద నీలం రంగుతో రాయించారు: కళ్ళు కాగితం మీద, వేళ్ళు మీటల మీద. మీటల వైపు చూశామంటే స్కేలుతో మెటికల మీద కొట్టేవారు. నా చేతుల మీద తువ్వాలు కప్పి మరీ టైపు కొట్టించేవారు. తాను మాత్రం టైపు చేసిన కాగితాన్ని తిరిగి చూసేవారే కాదు. రోలరు తిప్పి, కాగితం లాగి, సంతకానికి ఇచ్చేసేవారు. "కొట్టిన చేతికి తెలుసు. మళ్ళీ కంటితో పనేటి?" అనేవారు. మనిషన్నవాడు ఒక్కసారి చూసుకోవద్దా అని నాకు ఒళ్ళు మండేది. కానీ ఒక్క తప్పు దొరికితే కదా, నోరెత్తడానికి.

మిషన్ల రోజులు పోయాయి. మూడు మిషన్లనీ పాత ఇనపసామాను వాడు రిక్షాలో వేసుకుపోయిన వారమే నేను మాస్టారిని మా షాపుకి పిలుచుకొచ్చాను. అప్పటికి హిందీ పనికి అందరూ వాడేది కృతిదేవ్ అనే ఫాంటు. దాని మీటల వరస అచ్చం పాత టైపు మిషన్ వరసే. మాస్టారు కంప్యూటరు ముందు కూర్చుని, మీటలు తడిమి, రెండో నిమిషానికి టైపు మొదలుపెట్టారు. కళ్ళు కాగితం మీదే. తెర వైపు చూడలేదు. అరవై దాటిన మనిషి అలా కూర్చుంటే నాకు కన్నీళ్ళొచ్చాయి. పొలం పట్టా జిరాక్సుకి వచ్చినవాడి ముందు ఏడవడమేమిటని, పక్కకి తిరిగి జిరాక్సు మిషన్ని రెండు తిట్లు తిట్టాను.

పొద్దున్న పదింటికి వచ్చి మధ్యాహ్నం భోజనం వేళకి వెళ్ళేవారు. సైన్యంలో ఉన్నవాళ్ళ ఇళ్ళ నుంచి, ఉత్తరాదికి లారీలు పంపే సాలూరు ఓనర్ల నుంచి, గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్ళే పేటల వాళ్ళ నుంచి కాగితాలొచ్చేవి. అందరికీ ఆయన 'హిందీ బాబు'.

ఇక్కడ ఆ ఫాంటు సంగతి ఒక ముక్క చెప్పాలి. అది పైకి హిందీ, లోపల ఇంగ్లీషు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో హిందీగా కనబడుతుంది. లేనిచోట తెరిస్తే వేషం తీసేసి అసలు రూపం చూపిస్తుంది. 'మేరా' అని కొట్టిన మాట అక్కడ ఇ, ఎస్, జె, కె అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలై కూర్చుంటుంది. కాగితం మీద అచ్చు వేసి చేతికిచ్చినంత కాలం ఈ గొడవ మాకు తెలియలేదు. మెయిల్లో పంపాల్సి వచ్చినప్పుడు తెలిసింది. ఆ మెయిలు దుర్గ కోసం పంపింది.

దుర్గది గార ఊరికవతల సముద్రపొడ్డు పేట. మొగుడు మరిడయ్య, మరో ఆరుగురితో కలిసి గుజరాత్‌లో బోటెక్కాడు. రెండువేల పద్నాలుగు నవంబరులో ఆ బోటు సముద్రంలో సరిహద్దు దాటిందని అవతలి దేశం వాళ్ళు ఏడుగురినీ పట్టుకుని జైల్లో పెట్టారు. విడిపించే ప్రయత్నమంతా గుజరాత్‌లోని బోటు యజమానుల సంఘం చేతుల మీదుగా జరగాలి. ఆ సంఘం వాళ్ళకి తెలుగు రాదు. అర్జీ హిందీలో పంపమన్నారు. ఏడు కుటుంబాల తరఫున దుర్గే వచ్చింది. చేపల గంప షాపు బయట దించి, చెయ్యి చీరకి తుడుచుకుని మాస్టారి కాళ్ళకి దణ్ణం పెట్టింది.

"నువ్వే రాయాల బాబూ. మావోళ్ళకి హిందీ రాదు, ఆళ్ళకి తెలుగు రాదు. మజ్జిన నీ సెయ్యే మాకు దిక్కు" అంది.

మాస్టారు ఆ అర్జీ రాసిన తీరు నాకిప్పటికీ జ్ఞాపకం. మేం ఏడు ఇళ్ళ ఆడవాళ్ళం అని మొదలుపెట్టారు. మెయిల్లో పంపాం. నాలుగు రోజులకి జవాబొచ్చింది: మీరు పంపినదాంట్లో ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఏమీ లేవు, ఎక్కడ తెరిచినా కనబడే కొత్త తరహా హిందీ అక్షరాల్లో పంపండి అని. దానితో పాటు ఏడుగురి పేర్లూ నింపమని ఒక పట్టిక కూడా పంపారు.

అర్జీని మార్చడానికి ప్రోగ్రాం ఉంది. పాత అక్షరాలు ఇటు పోస్తే కొత్తవి అటు వస్తాయి. అది బాగానే వచ్చింది. పట్టికని మాత్రం కొత్త అక్షరాల్లో నేరుగా టైపు చెయ్యాలి. దానికి కంప్యూటర్లో ఉన్న కీబోర్డు వేరు. మీటల వరసంతా మారిపోయింది. నలభై ఏళ్ళు ఒకచోట ఉన్న 'క' ఇంకోచోటికి పోయింది. మాస్టారు వారం రోజులు మళ్ళీ కొత్త బడిపిల్లాడిలా సాధన చేశారు.

అసలు తిరకాసు ఇకారం దగ్గర ఉంది. హిందీలో 'రి' రాయాలంటే ఇకారపు గుర్తు, కొక్కెం లాంటిది, 'ర'కి ముందు నిలబడుతుంది. టైపు మిషన్ మీద కంటికి కనబడే వరసలోనే కొడతారు: ముందు కొక్కెం, వెనక ర. కొత్త పద్ధతిలో నోటికి పలికే వరసలో కొట్టాలి: ముందు ర, వెనక కొక్కెం.

"తెలుగు గుణింతం అనుకోండి మాస్టారూ. ర గుడిస్తే రి. ముందు ర వెయ్యండి, తరవాత గుడివ్వండి" అన్నాను.

"ఒకటో తరగతి పాఠం సెప్తన్నావేటే నాకు?" అని నవ్వారు.

మాట మొదట్లో వరస తప్పితే తెర మీద చుక్కల సున్నా ఒకటి పడి తప్పు బయటపెడుతుంది. మాట మధ్యలో తప్పితే చప్పుడుండదు. కొక్కెం వెళ్ళి ముందున్న అక్షరాన్ని పట్టుకుంటుంది, అంతే. ఇంకో సంగతి. చాలా మీటలు చోటు మారాయి కానీ ఆ కొక్కెం మీట మారలేదు. పాత వరసలోనూ కొత్త వరసలోనూ ఎడమ చూపుడు వేలి కిందే ఉంది. చోటు మారిన మీటల దగ్గర మాస్టారు ఆగి, ఆలోచించి కొట్టారు. చోటు మారని దాని దగ్గర ఆలోచించే పనేముంది? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నలభై ఏళ్ళ అలవాటూ అంతే.

గంగులు, జగన్నాధం, నాగబాబు అంటూ ఆరు పేర్లు. వాటిలో దేనిలోనూ ఆ గుడి లేదు. ఏడో పేరు మరిడయ్య. మాస్టారు కళ్ళు కాగితం మీద పెట్టి, చెయ్యి తన దారిన తాను పోగా కొట్టేశారు. నేనా పూట ఎవరితోనో జిరాక్సు మసకగా వచ్చిందన్న తగువులో ఉన్నాను. హిందీ చదవడం వచ్చినదాన్నే. పట్టిక తెరిచి చూడకుండానే పంపాను. మాస్టారు కొట్టినదాన్ని చూడటమేమిటన్న ధీమా నాకూ పట్టుకుంది.

రెండువేల పదిహేను డిసెంబరులో ఆరుగురు విడుదలై వచ్చారు. మరిడయ్య రాలేదు. దుర్గ రైలు స్టేషన్ దాకా వెళ్ళి, ఆరుగురినీ ఒక్కొక్కరినే చూసి, ఖాళీ పెట్టె దాకా నడిచి వెనక్కి వచ్చిందట. మరిడయ్య జ్వరంతో వేరే గదిలో ఉండేవాడనీ, ఎందుకు పంపలేదో తమకి తెలియదనీ గంగులు చెప్పాడు. మర్నాడు దుర్గ మా షాపుకొచ్చి, "మావోడు ఏడి బాబూ?" అని మాస్టారిని అడిగింది, ఆయన దగ్గరే ఉన్నట్టు. మాస్టారు సంఘానికి రాశారు. పది రోజులకి జవాబొచ్చింది. ఆ జవాబు పొద్దున్నే షాపు తెరిచి చూసింది నేను.

మీరు పంపిన ఏడో పేరు గల మనిషి తమ దగ్గర లేడని అవతలి వాళ్ళు చెప్పారు, పేరు సరిచూసి పంపండి అని ఉంది. ఆ పేరు కూడా రాశారు. మొదటిసారి చదివినప్పుడు నాకేమీ తేడా కనబడలేదు. రెండోసారి అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. మిరడయ్య. 'ర'కి ఉండాల్సిన గుడి 'మ'కి పోయింది. మేం పంపిన పట్టిక తెరిచి చూస్తే అందులోనూ అలాగే ఉంది.

మాస్టారు పదింటికి వచ్చారు. చూపించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, తెర మీదికి వంగి చూశారు. ఆ షాపులో ఆయన తెర మీదికి వంగడం అదే మొదటిసారి.

"నేనే కదే" అన్నారు.

నా నోరు ఊరుకోదు. "మాస్టారూ, ఇది మనిద్దరికే తెలుసు. ఇవాళే సరిగ్గా కొట్టి పంపేద్దాం. ఎవరో గుమాస్తా తప్పు రాశాడని చెబుదాం. దుర్గకి చెబితే ఏమొస్తుంది? చదువు రాని మనిషి, ఆమెకి అర్థం కూడా కాదు. పుండు మీద కారం చల్లడం కాకపోతే" అన్నాను. ఆ మాటలు నావే. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

ఆయన కళ్ళజోడు జేబులో పెట్టుకున్నారు. "కళింగపట్నం బస్సు ఎన్నింటికే?" అని అడిగారు.

దుర్గ పేట వైపు పోయే బస్సు అది; ఒంటరిగా పంపలేక నేనూ వెళ్ళాను. దుర్గ ఇసకలో వల పరిచి ఎండు చేపలు తిరగేస్తోంది. మమ్మల్ని చూడగానే మంచి కబురనుకుని లేచి వచ్చింది. మాస్టారు నిలబడే చెప్పారు.

"దుర్గమ్మా, నీ పెనిమిటి రాకపోడానికి కారణం నేను. ఆడి పేరు తప్పు కొట్టాను. ఒక్క అచ్చరం అటుదిటు అయిపోనాది. పేరు కలవలేదని ఆడిని వొదల్లేదు."

దుర్గ అర్థం కానట్టు నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"ఒక్క అచ్చరమా?" అంది.

"ఒక్కటే."

"ఏ సెయ్యి బాబూ?"

మాస్టారు ఎడమ చెయ్యి చాపారు. చూపుడు వేలు చూపించారు. ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

"కొరికీయాలనున్నాది" అంది. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. మళ్ళీ కూర్చుని చేపలు తిరగేసింది. మేము వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాక పిలిచింది. "మళ్ళీ నువ్వే కొట్టు. నా ముందర కొట్టు. ఏరేవోడి సేత కొట్టిస్తే ఆడేటి సేస్తాడో నాకేటి తెలుసు? నువ్వైతే ఈ తప్పు మళ్ళీ సెయ్యవు."

మర్నాడు గంప లేకుండా వచ్చింది. మాస్టారి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన మ కొట్టారు, ర కొట్టారు, ఆగారు, గుడి కొట్టారు. ఆమె తెర మీద వేలు పెట్టింది.

"ఈ గేలంలాగున్నదేనా?"

"అదే."

"ఇప్పుడు సరైనోడికే తగులుకున్నాదా?"

"తగులుకున్నాదమ్మా."

"అప్పా, నువ్వూ సూడు" అంది నాతో. నేనూ చూశాను. మూడుసార్లు చదివి పంపాను.

తప్పు దిద్దడానికి ఒక నిమిషం పట్టింది. దిద్దిన కాగితం ఆఫీసులన్నీ తిరిగి, జైలు తలుపు తెరవడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ మాస్టారు షాపుకి వస్తూనే ఉన్నారు. కొట్టిన ప్రతి వాక్యం దగ్గరా ఆగి, తెర చూసి, వేలితో తడిమి చదివేవారు. పావుగంట పనికి గంట పట్టేది. కొందరు విసుక్కుని వేరే చోటికి పోయారు. పోతే పోనీ అన్నాను. ఏ కాగితంలో అయినా మనిషి పేరు వస్తే నన్ను పిలిచి చదివించేవారు. ఒకసారి ఉన్నట్టుండి, "అక్కడ సలి ఎక్కువంటారు కదే?" అని అడిగారు. ఎక్కడ అని నేను అడగలేదు.

రెండువేల పదహారు చివర్లో మరిడయ్య ఇంటికొచ్చాడు. కబురు విని మాస్టారు కుర్చీలోనే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. ఇక అయిపోయింది, ఈ మనిషి మళ్ళీ మామూలు అవుతాడు అనుకున్నాను. ఇరవై రోజుల తరవాత ఒక పొద్దున్న దుర్గ మొగుణ్ణి వెంటబెట్టుకుని షాపుకొచ్చింది. పీక్కుపోయిన దవడలు, భుజాల మీద వేలాడుతున్న చొక్కా. మెట్టు మీద నిలబడి, తలెత్తకుండా ఉన్నాడు.

"ఈడు తిండి మానీసినాడు బాబూ. సముద్రం కాడికి రమ్మంటే రాడు. తప్పంతా తనదే అంటన్నాడు. నువ్వు సెప్పినదంతా నేను సెప్పినాను. నన్ను ఓదార్చడానికి కల్పించి సెప్తన్నావు, సదువు రానిదానివి అచ్చరాల సంగతి నీకేటి తెలుసు అంటన్నాడు. నీ నోటితో నువ్వే సెప్పు" అంది దుర్గ.

"నీ తప్పేటి మరిడయ్యా?" అన్నారు మాస్టారు, లేచి నిలబడి.

అతను నేల చూస్తూ చెప్పాడు. "ఆ రోజు జైలు జవానొచ్చి పేరు పిలిసినాడు బాబూ. జొరంతో పడుకునున్నాను. మూడుసార్లు పిలిసినాడు. మిరడయ్య, మిరడయ్య అని. నా పేరులాగున్నాదే అనిపించినాది. సెయ్యెత్తుదునా అనుకున్నాను. నాది కాని పేరుకి సెయ్యెత్తితే ఏటి సేస్తారో అని బయమేసినాది. పలకలేదు. ఆడు తలుపేసుకుని ఎల్లిపోనాడు. ఆ సెయ్యొక్కటి ఎత్తుంటే ఆళ్ళతోపాటే వొచ్చీసీవోణ్ణి. ఎత్తలేదు. నా సేతులారా నేనే సేసుకున్నాను."

 ఆ రోజు నా మాట విని మాస్టారు నోరు మూసుకుని ఉంటే, తప్పు నీది కాదని ఈ మనిషికి చెప్పగలిగినవాళ్ళు భూమ్మీద ఎవరూ ఉండేవారు కాదు. బతికున్నన్నాళ్ళూ ఆ ఎత్తని చేతిని తిట్టుకుంటూ బతికేవాడు.

మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. పాత వరసలో, ముందు గుడి వెనక ర, ఆ పేరు కొట్టారు. పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి మరిడయ్య చేతికిచ్చారు.

"ఇందులో ఉన్నది సదువుతాను, ఇను. మిరడయ్య. ఇది నీ పేరా?"

"కాదు బాబూ."

"మీ అమ్మ పెట్టిన పేరా?"

"కాదు."

"మరి నీది కాని పేరుకి నువ్వెందుకు పలుకుతావురా? ఆ పేరు గలోడు లోకంలో లేడు. ఆడిని నేను పుట్టించాను, ఈ వేలితో. నీ తప్పు ఇందులో ఆవగింజంత లేదు. ఆ పదకొండు నెలలూ నావి. నాకిచ్చీయ్."

మరిడయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.  దుర్గ కొంగు నోట్లో కుక్కుకుంది. మాస్టారు మళ్ళీ కీబోర్డు మీదికి వంగారు. మ, ర, ఆ తరవాత గుడి. ఒక్కొక్క అక్షరం తెర మీద చూసుకుంటూ పేరు పూర్తి చేశారు. కళ్ళజోడు తీసి, లేచి, అతని ఎదురుగా నిలబడి హాజరు పిలిచినట్టు పిలిచారు.

"మరిడయ్యా!"

మరిడయ్య చెయ్యెత్తాడు. "ఉన్నాను బాబూ" అన్నాడు.